కన్నాలు పడ్డ జిల్లా పేజీ

పాత పేపర్లు అమ్మేద్దామని వెంకటప్పయ్య కట్ట విప్పితే, జిల్లా పేజీల నిండా కన్నాలు కనిపించాయి. ఎలుక పని కాదు. ఎలుకకి చదువు రాదు. ఇక్కడ కత్తెర ఒక్కొక్క మాటనే ఏరుకుని తిన్నది.

కళ్లద్దాలు పెట్టుకుని, చుట్టూ మిగిలిన వార్తలు చదివి, పోయిన మాటలేమిటో పోల్చుకున్నాడు. ఎకరాలు. హద్దు. పట్టా. ఎవరిది. నాలుగో మాట దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లద్దాలు తీసేశాడు.

ఆకాశరామన్న ఉత్తరం! చేతిరాత దొరక్కుండా అచ్చు అక్షరాలు అతికించి ఆఫీసుకు పంపే రకం. పంపేదెవరో కూడా ఆయనకు తేలిపోయింది. కోడలు లిఖిత వేళ్లకు నాలుగు రోజులుగా జిగురు. ఈయన అటువైపు వెళితే చాలు, ఏదో నోట్‌బుక్ టక్కున మూసేస్తోంది. పెళ్లయి ఏడాది కాలేదు, అప్పుడే ఇంటి గుట్టు పట్టేసిందన్నమాట!

గుట్టు చిన్నదేం కాదు. అశ్వారావుపేట ఊరవతల ఆయన పామాయిల్ తోట నిజానికి జంపయ్య తండ్రి భూమి. ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్లు కొనకూడదు గనక తెల్లకాగితం మీద కొన్నాడు. తండ్రి పోయాక పట్టా పుస్తకం జంపయ్య పేరునే వచ్చింది. దాన్ని ఈయన బీరువాలో దాచాడు. ఆ సంగతి తెలియని జంపయ్య అదే తోటలో ఇరవై ఏళ్లుగా గెలలు కోస్తూ కూలి చేస్తున్నాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం వెంకటప్పయ్య. బండి తీసి తిన్నగా తోటకు పోయాడు.

"జంపయ్యా, ఆఫీసరెవడైనా వస్తే తోట నీదేనని చెప్పు. నా పేరెత్తకు. పట్టా పుస్తకంలో ఉన్నది నీ పేరే, అది నా బీరువాలో భద్రంగా ఉంది. భయం లేదు."

జంపయ్య గెలల కత్తి కింద పెట్టాడు. "నా పేరేందయ్యా? మా నాయిన అమ్మిండు గదా?"

"అదంతా నీకెందుకు? చెప్పమన్నది చెప్పు."

జంపయ్య పక్కనే ఉన్న భార్య భీమక్క వైపు చూశాడు.

ఇంటికి రాగానే వెంకటప్పయ్య కోడల్ని నిలదీశాడు. "ఎవరికి పంపుతున్నావమ్మా అర్జీ?"

"అర్జీ ఏంటి మామయ్యగారూ?" ఆ పిల్ల బిత్తరపోయి నోట్‌బుక్ తెచ్చి చేతిలో పెట్టింది. "పాత పేపర్లలో మాటలు ఏరి కవితలు అతికిస్తున్నాను. మీరు నవ్వుతారని దాచాను."

పేజీ మీద చిన్నా పెద్దా అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి.

వాన ఎవరిది
హద్దు దాటి కురిసింది
ఎన్ని ఎకరాలు ఆకాశం
పట్టా లేదు

వాన, ఆకాశం, మిగతా మాటలన్నీ పిల్లల పేజీలోవట. ఆ పేజీ ఆయన ఏనాడూ తిప్పిన మనిషి కాదు.

పోయిన ప్రాణం లేచొచ్చింది. "బాగుందమ్మా" అని కూడా అన్నాడు. అంతలోనే జంపయ్య ముఖం గుర్తొచ్చింది. అడిగినవాడు లేడు, చూసినవాడు లేడు, తన నోటితో తానే చెప్పి వచ్చాడు!

మళ్లీ బండి తీశాడు. తోట గేటుకు లోపల్నుంచి గొలుసు వేసి ఉంది. అవతల జంపయ్య, భీమక్క నిలబడి ఉన్నారు.

"ఏదో పొరపాటు పడ్డాను జంపయ్యా. ఆఫీసర్లెవరూ రారు. గేటు తియ్యి."

"తీస్త" అన్నాడు జంపయ్య, కదలకుండా. "పుస్తకం తెచ్చినవా?"