రావలస

ఊర్మిళ మూడేళ్లు కష్టపడి రాసిన నవలను విజయవాడ ప్రచురణకర్త తిప్పి పంపాడు. రాయపూర్ శివారు ఉర్లాలో ఒక ఉక్కు ఫ్యాక్టరీ ఆఫీసులో ఆమె ఉద్యోగం. రాయపూర్‌లోనే పుట్టి, హిందీ బడిలో చదివి, తెలుగు ఇంట్లో నేర్చుకుంది. నేల పోగొట్టుకున్న ఒక జాతి కొత్త చోటు వెతుక్కుంటూ నడిచే కథ ఆ నవల. ఊళ్లన్నీ కల్పితాలే.

"కథ బాగుంది. ఊళ్ల పేర్లే నోట నిలవడం లేదు," అని రాశాడాయన.

ఆదివారం రైల్వే వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీకి వెళ్లి మేనత్త వరహాలమ్మ దగ్గర చెప్పుకుని బాధపడింది. వరహాలమ్మ బొబ్బిలి వైపు నుంచి కాపురానికొచ్చి నలభై ఏళ్లు. చదువు రాదు.

"ఏటా పేర్లు? ఒకటి సెప్పు."

"జెల్డోరిన్."

"జొరానికేసుకునే మాత్రలాగుంది!"

ఊర్మిళకు కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. "మరి నువ్వైతే ఏం పెడతావత్తా?"

"ఆ ఊరోళ్లేటి సేస్తారు?"

"వచ్చిన దారి మర్చిపోతారు."

"మరుపూరు," అంది వరహాలమ్మ, బీరకాయ చెక్కు తీస్తూనే.

ఊర్మిళ పెన్ను తీసింది. పిలిస్తే ఎవరూ పలకని రేవుకి పలకపాలెం అని తనే పెట్టింది. అత్త పకపకా నవ్వింది.

"అచ్ఛా, చివరికి వాళ్లు చేరే ఊరికో?"

"మా కాడ వలసొచ్చి దిగిన ఊళ్లన్నిటికీ పేరు సివర వలసే." వరహాలమ్మ కాస్త ఆలోచించింది. "ఆళ్లక్కడికి రావాలా, ఒద్దా?"

"రావలసిందే."

"అయితే రావలస."

పేర్లు మారిస్తే సరిపోతుందనుకుంది ఊర్మిళ. సరిపోలేదు. పాత ముగింపులో ఊరి ద్వారాలు మూసే ఉండేవి, అందరూ బయటే చనిపోయేవారు. రావలస అనే ఊళ్లో అది కుదరలేదు. ఆ అధ్యాయాలు చింపేసి, నాలుగు నెలలు మళ్లీ రాసింది. ఈసారి ద్వారం తెరుచుకుంది.

కొత్త ప్రతి చదివి ప్రచురణకర్త ఫోన్ చేశాడు. "ఈ రావలస పార్వతీపురం దగ్గరేనాండీ? ఎప్పుడో విన్నట్టుంది."

"లేదండీ, నా పుస్తకంలోనే ఉంది."

"దసరాకి వేసేద్దాం," అన్నాడు.

ఆ సాయంత్రమే వెళ్లి అత్తకు చివరి అధ్యాయం చదివి వినిపించింది. వరహాలమ్మ చివరిదాకా కదలకుండా విని, కళ్లు తుడుచుకుని అడిగింది.

"అంతమంది దిగినారు కదా, నీళ్లెక్కడివే ఆళ్లకి?"

ఊర్మిళ అది ఆలోచించలేదు. పుస్తకం అచ్చుకు వెళ్లడానికి ఇంకా వారముంది. "నువ్వే చెప్పత్తా," అంటూ దగ్గరికి జరిగింది.