కాళ్లు ఒకడివి, ముఖం ఇంకొకడిది

మన ఇంట్లో మూలనపడ్డ పాత సామాను పక్కింటివాడు డబ్బిచ్చి మరీ ఎత్తుకుపోతే ఎవరికైనా నవ్వొస్తుంది. హనుమంతుకు ఆ రోజు ఆపుకోలేనంత నవ్వొచ్చింది. ఆయన యూసుఫ్‌గూడలో ఓ పాత డిగ్రీ కాలేజీకి పీడీ, అంటే ఆటల మాస్టారు. జూబ్లీహిల్స్ కొండ మీద అద్దాల కాలేజీ కట్టిన వీరరాఘవయ్య గారు ఈయన ఫుట్‌బాల్ టీమ్ నుంచి ఓ ఆటగాణ్ని కొనుక్కుపోయారు. ఎవర్నయ్యా అంటే బన్నీని! బంతి ఎదురొస్తే పక్కకు తప్పుకుని దానికి దారిచ్చే మర్యాదస్థుణ్ని. ఆ సంతోషంలో హనుమంతు స్టాఫ్‌రూమ్‌లో అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇదంతా కొత్త రూలు చలవ. ఆటగాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు కాలేజీ మారొచ్చు, ఎవరి దగ్గర డబ్బు పుచ్చుకున్నా తప్పు లేదు, పాత కాలేజీ పీడీ సంతకం అక్కర్లేదు అని యూనివర్సిటీ వాళ్లు ఈ ఏడాది ప్రకటించారు. ఇన్నాళ్లూ ఆ సంతకమే హనుమంతు బలం. "ప్రాక్టీసుకు రాకుంటే సంతకం పెట్ట, పో" అంటే ఎంతటి మొండివాడైనా తెల్లారేసరికి గ్రౌండ్‌లో ఉండేవాడు. ఇప్పుడు ఆయనే పిల్లల వెనక బతిమాలుతూ తిరుగుతున్నాడు. గోల్‌కీపర్ ఉడికించిన గుడ్డుతో పాటు ఆమ్లెట్ కూడా కావాలన్నాడు, పెట్టించాడు. ఇంకొకడు తనకు డబ్బులిచ్చే చెప్పుల షాపు రీల్‌లో సార్ కూడా కనబడాలన్నాడు, చెప్పులు చేత్తో పట్టుకుని కనబడ్డాడు. పెత్తనం చేసిన అత్త కోడలి చేతికింద పడ్డట్టయింది ఆయన బతుకు.

ఇక బన్నీ అమ్ముడుపోయిన కథ వినండి. బన్నీది సినిమా ముఖం, సినిమా జుట్టు. ఫిల్మ్‌నగర్‌లో ఎడిటింగ్ నేర్చుకుంటున్న వాడి స్నేహితుడొకడు వాడి మీద ఓ రీల్ తీశాడు. అందులో ఓ కుర్రాడు వెనక్కి పల్టీ కొట్టి గాల్లో ఉండగానే బంతిని గోల్‌లోకి తంతాడు, లేచి జుట్టు వెనక్కి తోసుకుని నవ్వుతాడు. నవ్వింది బన్నీ. తన్నింది తిరుమలేశ్. మెడ కింద నుంచి ఒకడు, మెడ పై నుంచి ఒకడు. దానికి తిరుమలేశ్‌కు ముట్టింది టోలిచౌకిలో ఒక ప్లేటు బిర్యానీ. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అన్నారా! వీరరాఘవయ్య గారు సినిమాలు తీసి పోగొట్టుకుని, కాలేజీలు పెట్టి రాబట్టుకున్న మనిషి. రీల్ చూశారు, ముఖం చూశారు, మర్నాడే బన్నీకి అడ్వాన్సు ఇచ్చేశారు. వాళ్ల గేటు పక్కన బన్నీ కటౌట్ కూడా లేచింది.

హనుమంతు నవ్వుకు అసలు కారణం తిరుమలేశ్. రహమత్‌నగర్ కుర్రాడు, నోట్లో నాలుక లేదు గానీ కాళ్లలో ఏదో ఉంది. వాడి పుణ్యమా అని కాలేజీ మొదటిసారి ఫైనల్‌కు వచ్చింది. అవతలి పక్క వీరరాఘవయ్య గారి జట్టే. ప్రిన్సిపాల్ శ్యామలాదేవి గది అల్మారాలో ముగ్గుల పోటీ కప్పు ఉంది, వ్యాసరచన కప్పు ఉంది, ఫుట్‌బాల్ కప్పు లేదు. ఆ ఖాళీ చూసినప్పుడల్లా హనుమంతుకు తన జీవితమే ఖాళీగా ఉన్నట్టు ఉండేది. ఫైనల్ అయ్యేదాకా, ఈ వారం రోజులు రీల్ సంగతి బయటపడి తిరుమలేశ్‌ను కూడా ఎగరేసుకుపోకపోతే చాలు, ఆ ఖాళీ నిండుతుంది.

కానీ మర్నాడే తిరుమలేశ్ తల్లి కౌసల్య గ్రౌండ్‌కు వచ్చింది. ఆమె ఫిల్మ్‌నగర్‌లో సినిమా బట్టలు ఇస్త్రీ చేసే చోట పని చేస్తుంది.

"సార్, నాకు జర నిజం చెప్పున్రి. గా బన్నీ వీడియోల కాళ్లు మా తిరుమలేశ్‌గానియే అంటున్రు. వాణ్ని అడిగితే నోరిప్పుతలేడు."

దొంగకు తేలు కుట్టినట్టయింది హనుమంతుకు. ఆయన విజిల్ నోట్లో పెట్టుకున్నాడు, తీశాడు.

"గదంత గ్రాఫిక్స్ కౌసల్యమ్మా. కంప్యూటర్ల చేస్తరు."

"గట్లనా సార్. మీరు చెప్పినంక గట్లనే ఉంటది తియ్," అని ఆమె వెళ్లిపోయింది.

ఆమె పోట్లాడినా బాగుండేది. నమ్మి వెళ్లిపోయింది. హనుమంతుకు ఆ పూట అన్నం సయించలేదు, మర్నాడు టీ కూడా సయించలేదు. కప్పు తలుచుకుంటే కౌసల్య ముఖమే కనబడుతోంది. చివరికి తన్ను తానే తిట్టుకుంటూ బండి తీసి జూబ్లీహిల్స్ కొండెక్కాడు.

వీరరాఘవయ్య గారు ఎదురొచ్చి కూర్చోబెట్టారు. అద్దంలోంచి కింద గ్రౌండ్ కనబడుతోంది. బన్నీ బంతి పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నాడు. బంతికీ వాడికీ అంత దగ్గరి చుట్టరికం హనుమంతు ఎన్నడూ చూడలేదు.

"సార్, మీరు మోసపోయిన్రు," అన్నాడు హనుమంతు. "గా రీల్‌ల మొఖమే బన్నీది. కాళ్లు మా తిరుమలేశ్‌వి."

పెద్దాయన కుర్చీ కదిలేలా నవ్వారు.

"ఓస్, అంతేనా? డూపన్నమాట! ఇండస్ట్రీలో తలపండిన వాణ్ని, డూప్ సంగతి నాకు చెప్తారేంటండీ. ఏ హీరో తన కాళ్లతో తన్నాడు గనక? అతన్నీ పంపించండి. డూపులకిచ్చే రోజు బత్తా ఇస్తాను."

"ఫుట్‌బాల్‌ల డూప్ ఏంది సార్?"

"ఎందుకు లేదండీ? సబ్‌స్టిట్యూట్ అంటారే, అదేగా! ఫైట్ సీనులో చేస్తామే, అలాగే. బంతి గోల్ దగ్గరికి రాగానే మీవాడు లోపలికి, తన్నగానే బయటికి. పండగ చేసుకోవడానికి మళ్లీ మా బన్నీ."

సబ్‌స్టిట్యూట్ అంటే అది కాదని చెప్పబోయి హనుమంతు ఆగిపోయాడు. ఒక నిజం చెప్పడానికే ఇంత దూరం వచ్చాడు, రెండోది చెప్పాలని ఎవరికీ మొక్కుకోలేదు. డూప్ అనుకుంటే తిరుమలేశ్‌ను ఆఖర్లో గానీ దింపరు. ఆలోగా తన పిల్లలు గోల్ కొట్టి కాచుకుంటే కప్పు తనదే. ఆశకు అంతు లేదంటారు, నిజమే.

కానీ బత్తా మాట మాత్రం ఆయనకు కాలింది. లేచి నిలబడ్డాడు.

"బన్నీకెంత ఇచ్చిన్రో మా పోరనికీ గంతే ఇయ్యాలె. ఒక్క రూపాయి తక్కువైనా ఒప్పుకోవద్దని చెప్త."

"డూప్‌కి హీరో రెమ్యునరేషన్ ఎవడిస్తాడండీ?"

"అయితే మీ హీరోతోనే తన్నిచ్చుకోన్రి."

వీరరాఘవయ్య గారు అద్దంలోంచి కిందికి చూశారు. ఫొటోలవాడు బన్నీని బంతి తన్నమన్నట్టున్నాడు. బన్నీ కాలు ఎత్తాడు, బూటు ఎగిరిపోయింది, బంతి ఉన్నచోటే ఉంది.

"సరేనండీ, ఇస్తాను," అన్నారు పెద్దాయన నీరసంగా. "అయినా మీరు అవతలి పార్టీ కదా, అతని తరఫున బేరమాడతారేంటి?"

"వాళ్లమ్మ నా మాట నమ్మింది సార్," అన్నాడు హనుమంతు.

సాయంత్రం రహమత్‌నగర్‌లో వాళ్లింటికి వెళ్లి తల్లీకొడుకులకు అంతా చెప్పాడు. చెప్పి, కౌసల్య వైపు చూడకుండా, "మొన్న నీకు అబద్ధం చెప్పిన," అన్నాడు.

"నా కొడుకు కాళ్లు నాకెర్క లేవా సార్?" అంది కౌసల్య. "మీరేమంటరో చూద్దామని అడిగిన."

హనుమంతుకు రెండు రోజుల మథనం, బండి పెట్రోలు అన్నీ కళ్లముందు తిరిగాయి.

"నన్ను పొమ్మంటరా సార్?" అన్నాడు తిరుమలేశ్ మెల్లగా.

"పొమ్మంటలే, ఉండుమంటలే. గా రూలు పెట్టిందే నీ ఇష్టం కోసం."

"మరి మీ కప్పు?"

"కప్పుల చాయ్ తాగుత. ఫికర్ చెయ్యకు."

ఉంటాను సార్ అంటాడేమోనని హనుమంతు లోలోపల ఆశపడ్డాడు. ఇస్త్రీ మచ్చలున్న తల్లి చేతుల వైపు తిరుమలేశ్ చూశాడు. "అయితే పోతా సార్," అన్నాడు. హనుమంతు శభాష్ అని భుజం తట్టి బయటికొచ్చాడు. కొంచెం బాధపడ్డాడు. నిజం చెప్పాలంటే చాలా బాధపడ్డాడు.

ఫైనల్ రోజు బన్నీ పొగ మిషన్ మధ్యలోంచి, మ్యూజిక్‌తో సహా మైదానంలోకి నడిచొచ్చాడు. ఆ తర్వాత ఆట మొదలైంది, అదే వాడికి ఇబ్బంది. మొదటి సగంలోనే హనుమంతు జట్టు ఓ గోల్ కొట్టింది. ఎన్నడూ గ్రౌండ్‌కు రాని శ్యామలాదేవి గారు ఆయన పక్కనే కూర్చుని, "హనుమంతు గారూ, అల్మారాలో చోటు ఖాళీ చేయించానండీ," అన్నారు. ఆయన నిమిషానికోసారి గడియారం చూసుకుంటున్నాడు.

ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా వీరరాఘవయ్య గారు గ్యాలరీలోంచి లేచి, "డూప్!" అని కేకేశారు. బన్నీ బయటికొచ్చాడు, తిరుమలేశ్ లోపలికెళ్లాడు. వెళ్లిన కాసేపటికే ముగ్గుర్ని దాటుకుని గోల్ కొట్టాడు. లెక్క సమానమైంది.

"కట్! బన్నీని పంపండి, క్లోజప్!" అని పెద్దాయన గీత దాకా పరిగెత్తారు. ఒకసారి బయటికొచ్చినవాడు మళ్లీ లోపలికి రాకూడదన్నాడు రిఫరీ.

"అతను హీరో అండీ!"

"హీరో అయితే గ్యాలరీల కూసోబెట్టున్రి," అని రిఫరీ విజిల్ ఊదాడు.

ఆఖరి కార్నర్ కిక్. గోల్ ముందు తోపులాట. ఎవడో గట్టిగా తన్నిన బంతి నేరుగా వచ్చి తిరుమలేశ్ ముఖానికి తగిలి గోల్‌లోకి దూరింది. కాళ్ల కోసం కొనుక్కున్నవాడు మూతితో మ్యాచ్ గెలిపించాడు. ముక్కు ఎర్రగా వాచి, కళ్లవెంట నీళ్లు కారుతూ నిలబడ్డాడు. బన్నీ కోసం తెప్పించిన కెమెరాలన్నీ ఇంకెవరూ దొరక్క ఆ ముఖం మీదికే వచ్చి వాలాయి.

హనుమంతు కుర్చీలోంచి ఎగిరి, "గోల్! గోల్!" అని గొంతు చించుకుని అరుస్తున్నాడు. విజిల్ ఎక్కడో పడిపోయింది. తన జట్టు పిల్లలు తిరిగి చూస్తున్నారు. శ్యామలాదేవి గారు ఆయన చొక్కా చెయ్యి పట్టి లాగారు.

"హనుమంతు గారూ, ఆ గోల్ పడింది మన మీదండీ!"

"ఎర్కే మేడం," అన్నాడు హనుమంతు, చప్పట్లు ఆపకుండా.