ఈ నీళ్లు ఇంకిపోవాలి

కొత్త నీళ్ల వాసన.

ఎండుమట్టి నోరు తెరిచి తాగే వాసన... ముక్కుకు తగిలితే చాలు, కడుపు నిండినట్టుండే వాసన.

ఊరికి ఆ వాసనంటే ప్రాణం. కదిరమ్మకు మాత్రం ఒళ్లు మండుతుంది.

ఎందుకు మండదు?

రిజర్వాయరు కట్టిననాడు ఊరి బాట నీళ్ల కిందికి పోయింది. వంతెన కట్టించండయ్యా అని అందరూ మొత్తుకున్నారు. వంతెన రాలేదు. లారీ మీద లాంచీ వచ్చింది — సముద్రపు ఒడ్డున జనాన్ని మోసి మోసి నడుం విరిగిన చెక్క లాంచీ. అక్కడ పనికిరానిది ఇక్కడికి చాలుననుకున్నారు!

దాన్ని నడిపే పని కదిరమ్మ మొగుడు తిప్పయ్యకిచ్చారు. మొన్నటిదాకా మడక పట్టి చేను దున్నిన చేయి.

అయినా నడిపాడు. శనక్కాయ మూటలు దాటించాడు. గుమ్మఘట్ట సంతకు మేకలను దాటించాడు. నొప్పులు పడే ఆడవాళ్లను దాటించాడు.

తరువాత వానలు మొహం చాటేశాయి.

లాంచీ బీడు మీద నిలబడింది. ఏళ్ల తరబడి ఎండ... ఎండ... చెక్కలు ముడుచుకుని విడిపోయాయి. సందుల్లోంచి ఆకాశం కనబడేది.

నిరుడు కాలువ నీళ్లొచ్చాయి. నీళ్లకు హారతి పట్టడానికి నాయకుడొస్తాడన్నారు.

"సందులు పూడ్చల్ల సారూ. నీళ్లు దూరుతాయి," అన్నాడు తిప్పయ్య.

"రంగేస్తాం లేప్పా, కొత్తపెండ్లికూతురు మాదిరి ఉంటాది," అన్నాడు కాంట్రాక్టరు.

వేశారు. నీలం రంగు. పుండు మీద పట్టుగుడ్డ.

నాయకుడు ఒడ్డునే లాంచీ ఎక్కి ఫొటో తీయించుకుని దిగిపోయాడు. జనాన్ని ఎక్కించుకుని పొమ్మన్నారు. పోయాడు తిప్పయ్య.

కొత్త నీళ్లొస్తే ఆ ఊరివాళ్లు దోసిలి ముంచి కళ్లకద్దుకుంటారు. తాతలనాటి అలవాటు. నడినీళ్లలో అందరూ ఒకే పక్కకు వంగారు. సందుల్లోంచి దూరి అప్పటికే అడుగున చేరిన నీళ్లు కూడా అటే ఒరిగాయి. లాంచీ జనంతో సహా మునిగిపోయింది.

తిప్పయ్య ఇద్దరు పిల్లలను ఒడ్డుకు చేర్చి మళ్లీ పోయాడు. మళ్లీ రాలేదు.

విచారణకొచ్చిన ఆఫీసరు షామియానా కింద కూర్చుని తేల్చేశాడు — జనం వంగడం తప్పు, నడిపేవాడి అజాగ్రత్త తప్పు.

కదిరమ్మ లేచింది.

"నీళ్లకు దండం పెట్టేది తప్పా సారూ? లాంచీ బయటికి తీయించు. రంగు గీకి చూడు. నా మొగుడు చంపినాడో, మీ రంగు చంపిందో ఆడ తెలుస్తాది."

"అంత లోతులోంచి కుదరదమ్మా. నీళ్లు తగ్గినాక చూద్దాం."

నీళ్లు తగ్గినాక!

ఒకప్పుడు వాన కోసం రోకలికి కప్పలు కట్టుకుని వీధివీధీ తిరిగిన మనిషి, ఇప్పుడు గట్టు మీద కూర్చుని ఎండను వేడుకుంటోంది. కాయి తల్లీ... ఇంకా కాయి.

"ఏమక్కా, వాన వద్దంటాండావంట? మా చెన్లు నువ్వు తడుపుతావా?" అంది నీళ్లకొచ్చిన ఈశ్వరమ్మ, బిందె దించుతూ.

"ఆ లాంచీ తేలనీ మే. ఆమీట నీ ఇల్లు కొట్టకపొయ్యేటట్ల కురవనీ, నాకేం!"

ఈ వేసవిలో నీళ్లు తగ్గాయి. నిన్న లాంచీ కప్పు తేలింది. ఇవాళ పక్కచెక్క.

కదిరమ్మ కుచ్చెళ్లు ఎగదోపి దిగింది. గోటితో గీకింది. రంగు పొరలా లేచింది... కింద సందు. వేలు పెట్టింది. అవతలికి పోయింది వేలు.

"సారును పిలవండప్పా! బిరీన పిలవండి!"

కుందుర్పి దిక్కున మబ్బు. గాలిలో తడిమట్టి వాసన. ఊళ్లో కేరింతలు.

మొదటి చినుకు ఆమె మణికట్టు మీద పడింది.

వేలు మాత్రం తియ్యలేదు కదిరమ్మ...