ఒక గడి నడిచే బంటు

తొమ్మిది ఆటలు అయిపోయాయి. నావి నాలుగున్నర పాయింట్లు, శ్రీరాములువి నాలుగున్నర. మిగిలింది ఒక్కటి. అందులో తెల్లపావులు నావి.

ఆదివారం మధ్యాహ్నం, మేం మగ్గాల పనికి వలస వచ్చి ఉంటున్న భేస్తాన్‌లో, మా పద్మశాలి సంఘం గదిలో ముప్పై మంది చేరారు. ఉన్నది ఒకటే ఫ్యాను. ఎవరికీ చెమట సంగతి పట్టలేదు. అంబదాస్ గోడకు తెల్లగుడ్డ కట్టి, కంప్యూటర్‌లో నడిచే ఆట దాని మీద కనపడేలా చేశాడు. ఆయన రైల్వేలో గుమాస్తాగా రిటైరయ్యాడు. కంప్యూటర్ ఆయనది, తీర్పూ ఆయనదే.

ఆడేది మనుషులు కాదు. రెండు వైపులా ఒకే చదరంగం ప్రోగ్రాం. తేడా అంతా పుస్తకంలో ఉంటుంది. పుస్తకం అంటే ఆట మొదట్లో వేయాల్సిన ఎత్తులు ముందే రాసిపెట్టిన ఫైలు. ఎత్తు అందులో ఉన్నంతసేపు ప్రోగ్రాం ఆలోచించదు, టైము ఖర్చు కాదు. లేకపోతే సొంతంగా ఆలోచించుకోవాలి, గడియారం కరిగిపోతుంది. ఒక్కో వైపుకు రెండే నిమిషాలు.

నేను ఖటోదరాలో జకార్డు మగ్గాల డిజైను అట్టలకు చిల్లులు కొడతాను. అట్టలో చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది. ఎందుకని మగ్గం అడగదు. పుస్తకం సంగతి నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. ఊరి బడిలో చదివిన ఏడో తరగతి చాలింది.

శ్రీరాములు నా భార్య స్వరాజ్యానికి తమ్ముడు. రెండేళ్ల కింద, నేను డ్యూటీలో ఉండగా ఆమెకు గుండెనొప్పి వచ్చింది. రెండు సందుల అవతల ఉన్న తమ్ముడికి నాలుగుసార్లు ఫోన్ చేసింది. అతను ఎత్తలేదు. నేను వచ్చేసరికి అయిపోయింది. ఫోన్ ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టి బయటికి పోయానన్నాడు. నేను నమ్మలేదు. ఆ రోజు నుంచి అతని గడప తొక్కలేదు.

భేస్తాన్‌లో ఈ ఆట పిచ్చి మొదట పట్టింది అతనికే. అతన్ని ఓడించడానికే నేను నేర్చుకున్నాను. పందెం అంబదాస్ కుదిర్చాడు. శ్రీరాములు గెలిస్తే నేను వాళ్లింట్లో కూర్చుని అన్నం తినాలి. నేను గెలిస్తే ఆ రోజు ఏం జరిగిందో అతను అందరి ముందు నిజం చెప్పాలి. సమమైతే ఎవరికీ ఏమీ లేదు.

"బావా, మటన్ పొయ్యి మీద ఉన్నది. ఆకలి ఉంచుకో," అన్నాడు శ్రీరాములు.

"మాడుతది. పోయి దించుమను."

అతని భార్య భాగ్యలక్ష్మి వెనక బెంచీ మీద నుంచి అందుకుంది. "కారం జర తక్కువనే ఏసిన అన్నా! ఓడినోళ్లకు కడుపుమంట ఎక్కువుంటది గదా."

గదంతా నవ్వింది. నేను నవ్వలేదు.

"చలో, ఆఖరిది," అని అంబదాస్ మీట నొక్కాడు.

తెల్లగుడ్డ మీద రాజు ముందరి బంటు కదిలింది. రెండు గడులు కాదు. ఒక్క గడి.

"గిదేందిరా, బంటుకు కాలిరిగిందా?" అన్నారెవరో.

"బావా! ఆర్నెల్లు గూసోని రాసింది గిదేనా?" శ్రీరాములు తొడ చరిచాడు.

ఆ ఎత్తు ఎక్కడిదో నాకు తెలుసు. మా ఊరి చదరంగంలో బంటు మొదటిసారి కూడా ఒక్క గడే నడుస్తుంది. స్వరాజ్యంతో ముప్పై ఏళ్లు అలాగే ఆడాను. పుస్తకం మొదలుపెట్టిన వారం, చేతికి అలవాటైనట్టే బంట్ల ఎత్తులన్నీ ఒక్కో గడి చొప్పున రాసుకుంటూ పోయాను. తర్వాత తెలిసి చెరిపేశాను. అన్నీ చెరిపాననుకున్నాను. ఎదుటివైపు ఏం వేసినా మారని ఎత్తుల వరస ఒకటి మిగిలిపోయింది. ప్రోగ్రాం ఏరి ఏరి దాన్నే తీసింది.

ఆట ఆపడానికి లేదు.

అప్పుడు చూశాను. నల్లవైపు 'పుస్తకం' అన్న గుర్తు ఆరిపోయింది. శ్రీరాములు పుస్తకంలో నలభై వేల ఎత్తులున్నాయి. పెద్ద ఆటగాళ్ల ఆటల్లోంచి ఏరినవి. ఇలా మొదలయ్యే ఆట ఒక్కటీ అతను ఏరలేదు. అతని ప్రోగ్రాం మొదటి ఎత్తుకే ఆలోచనలో పడింది. ఎనిమిది సెకన్లు. నాది వెంటనే మంత్రి ముందరి బంటును జరిపింది. అదీ ఒక్క గడే. అతనిది మళ్లీ ఆలోచించింది. నాది మళ్లీ వెంటనే వేసింది.

నవ్వులు ఆగాయి.

తొమ్మిదో ఎత్తుకు నా పుస్తకం అయిపోయింది. అప్పటికి నాకు రెండు నిమిషాలూ అలాగే ఉన్నాయి. అతనికి యాభై సెకన్లు.

"టైము సూడు, టైము!" ఎవరో బెంచీ ఎక్కారు. "అరే, దిగు! కనవడ్తలేదు!"

ఇరవై ఎత్తులు. ముప్పై. ఎవరిది పైచేయో గుడ్డ మీద చూపే అంకె సున్నా దగ్గరే కొట్టుకుంటోంది. అతనికి పదకొండు సెకన్లు. అంత తక్కువ టైములో ప్రోగ్రాం దూరం చూడలేదు. ముప్పై నాలుగో ఎత్తుకు నల్లగుర్రం ఒక బంటును తినడానికి మూలకు పోయింది. అంకె ఒక్కసారి నా వైపు ఒకటికి ఎగిరింది. రెండు. నాలుగు. గుర్రానికి వెనక్కి దారి లేదు!

నేను లేచి నిలబడ్డానని నాకు తెలియలేదు. "పట్టు! పట్టు దాన్ని!" అని అరుస్తున్నది నేనే. గొంతు బొంగురుపోయింది. ఏనుగు గుర్రాన్ని తిన్నది. పన్నెండు ఎత్తుల తర్వాత నల్లరాజుకు ఆటకట్టు.

గది దద్దరిల్లింది. అంబదాస్ చెయ్యెత్తి అందరినీ కూర్చోమన్నాడు. శ్రీరాములు మాత్రం నిలబడే ఉన్నాడు.

"ఫోన్ నా చేతిలనే ఉండె," అన్నాడు. "అక్క పేరు సూసిన. గిట్లనే ప్రోగ్రాంల ఆట నడుస్తుండె. ఇంకో రెండు నిమిషాలల్ల అయిపోతది, అప్పుడు జేద్దామనుకున్న. నాలుగుసార్లు గట్లనే అనుకున్న."

భాగ్యలక్ష్మి మొగుడి వైపు చూసింది. ఆమెకూ అది కొత్త మాటే.

"రవీంద్రా, జెప్పిండు గదా. చెయ్యి గలుపు," అన్నాడు అంబదాస్.

"చెయ్యి పందెంల లేదు," అన్నాను.

శ్రీరాములు నా దగ్గరికి వచ్చాడు. "ఒక్కటి జెప్పు బావా. ఆ ఒక్క గడి బంటు... కావాల్ననే పెట్టినవా?"

ఔనంటే గదంతా నమ్మేది.

"లేదు. పొరపాటు. తీసేసుడు మరిచిన."

అంతే, గది మళ్లీ లేచింది. "అయితే చెల్లది!" "ఇంకోటి పెట్టుండ్రి!" "అంబదాస్ అన్నా, నువ్వు జెప్పు!" అంబదాస్ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

"నా పుస్తకంల ఉన్నదే ఆడింది. పొరపాటైనా నాదే. చెల్లుతది," అని శ్రీరాములు వైపు తిరిగాను. "ఆ రోజు నువ్వు జేసింది గూడ గంతే."

అతను జనం వైపు తిరిగాడు.

"చెల్లుతది," అన్నాడు. "ఊకోండ్రి."

నేను కంప్యూటర్‌లోంచి నా పుస్తకం ఉన్న పెన్‌డ్రైవ్ తీసుకుని చెప్పులేసుకున్నాను.