గంప కింది పొట్టేలుపిల్ల

పెంటయ్యకు ఒళ్లు మండిపోతోంది. మంచం మీద కూర్చుని తిట్టడం తప్ప ఏం చేయగలడు?

సాగర్ కాల్వ గట్టున ఆటో బోల్తా పడ్డ రోజు ఆయన కాలూ విరిగింది, ఒళ్లో ఉన్న పొట్టేలుపిల్ల వెనక కాలూ విరిగింది. ఇద్దరి కట్లూ విప్పి చాలా రోజులైంది. మిర్యాలగూడ దవాఖానలో ఆయన్ని నడవమనే చెప్పారు. నడవనిచ్చేదెవరు? భార్య వీరమ్మ ఆయన్ని మంచం దిగనివ్వదు, పిల్లను గంప కింది నుంచి రానివ్వదు. తల్లిగొర్రె మేతకు పోయినప్పుడు పిల్లను గంప కింద మూయడం త్రిపురారంలో అందరూ చేసేదే. వీరమ్మ పగలూ రాత్రీ మూసేసింది, మళ్లీ కాలు విరుగుతుందన్న భయంతో.

ఇవాళ గంప ఎత్తితే పిల్ల నాలుగడుగులు వేసి కూలబడింది. వెంటనే దాన్ని అమ్మేద్దామని వీరమ్మ కోదాడ నుంచి మాంసం కొట్టు అచ్చయ్యను పిలిపించింది. పెంటయ్య పంతం కొద్దీ, అప్పుడు పిల్లకు కట్టు కట్టిన పశువుల డాక్టర్ దీవెనకు ఫోన్ కొట్టాడు. ఇద్దరూ ఒకేసారి దిగారు.

"నీ కట్టే దాని కాలును తిన్నది డాక్టరమ్మా!" అంది వీరమ్మ.

దీవెన పిల్ల కాళ్లన్నీ ఒత్తి చూసింది. ఆమెకూ కోపం వచ్చింది.

"ఎముక మంచిగ అతికింది అవ్వా. కట్టు కట్టని కాలు గూడ మెత్తబడ్డది, పట్టి సూడు. మరి దాన్నెవరు తిన్నరు?"

వీరమ్మ పట్టి చూసింది. అదీ మెత్తగానే ఉంది.

"కండ కదిలినప్పుడల్లా సోడియం లోపలికొస్తది, పొటాషియం బయటికి పోతది. వాటిని మళ్లీ ఎక్కడివక్కడ సర్దడానికి కండలో కంటికి కనబడని పంపులుంటయి. పని చెప్పకపోతే అవి తగ్గిపోతయి. ఇగ నాలుగడుగులకే కండ అలసిపోతది. ఎదిగే పిల్లను గంప కింద పెడితే ఎట్లా?"

"మల్ల వస్తయా బిడ్డా?" అన్నాడు పెంటయ్య.

"వస్తయి పెద్దయ్యా. లేతది కదా. రోజూ కొంచెం కొంచెం పెంచుకుంట నడిపించాలె."

"ఎవలు నడిపిస్తరు? నాకు నాట్లున్నయి," అంది వీరమ్మ. అచ్చయ్య అప్పటికే పిల్ల మెడకు తాడు వేశాడు.

పెంటయ్య ఇక ఆగలేకపోయాడు.

"నన్నూ గిట్లనే మూసినవ్ గదనే! నాకు గంప ఒక్కటే తక్కువ!"

కాళ్లు నేల మీద పెట్టాడు. మంచం కోడు పట్టుకుని లేచాడు.

"పడతవయ్యో!" వీరమ్మ ఏడుపు గొంతుతో పరుగెత్తుకొచ్చింది.

"పడితే లేస్తా. మంచంల సస్తె లేస్తనా?"

గోడ పట్టుకుని వచ్చి అచ్చయ్య చేతిలోని తాడు లాక్కున్నాడు. పిల్ల రెండడుగులు వేసి కూలబడింది. ఆయన ఆగాడు. అది లేచింది. మళ్లీ ఇద్దరూ కదిలారు. వాకిలి దాటేసరికి ఇద్దరికీ రొప్పు వచ్చింది. పెంటయ్య గోడకు ఆనుకుని వెనక్కి తిరిగాడు.

"అచ్చయ్యా, అంత దూరం నుంచి వొచ్చినవ్, ఒట్టి చేతుల్తోని పోకు. గా గంప పట్టుకపో."