ఉరుకుందు నీలం తలుపు

పొట్టపట్టీ బిగించాక దాని కింద రెండు వేళ్ళు దూర్చి చూసుకోవడం ఉరుకుందుకు అలవాటు. మూడో వేలు దూరితే పట్టీ వదులు, రెండోదే దూరకపోతే గుర్రానికి ఆయాసం. ఆ ఆదివారం పొద్దున కూడా అలాగే చూసుకొని, జట్కాలో పచ్చిగడ్డి పరిచి, దాని మీద గోనెపట్ట, ఆ పైన ఆదివారాలకని దాచిన చారల దుప్పటి వేశాడు. గుర్రం పేరు నవాబు. కర్నూలు నవాబులు పోయి నూరేళ్ళు దాటినా ఈ నవాబు మాత్రం ఉలవలు తిని, తిన్నదానికి సగం పనే చేస్తూ దర్జాగా బతుకుతున్నాడు.

ఉరుకుందు పొట్టి మనిషి. వయసు యాభై ఎనిమిది. ముప్పై ఐదేళ్ళుగా బండి అంచున ఒక పక్కకే కూర్చొని తోలడం వల్ల నేల మీద నడిచేటప్పుడు కూడా కుడిపక్కకు ఒరిగి నడుస్తాడు. తలకు ఎర్రగుడ్డ, చెవుల్లో వెండి పోగులు, గుర్రాన్ని అదిలించీ అదిలించీ బొంగురుపోయిన గొంతు. ఆ గొంతుతోనే ఊరు చూపిస్తాడు. కర్నూలు రాజధాని అయిన ఈ మూడేళ్ళలో ఊరు నిండా డేరాలు వెలిశాయి, డేరాల నిండా గుమాస్తాలు. ఆదివారం పూట ఊరు చూడాలని ఎవరికి బుద్ధి పుట్టినా, కొండారెడ్డి బురుజు కాడి జట్కావాళ్ళు ఉరుకుందునే చూపించేవాళ్ళు. కోట కట్టించిన అచ్యుతరాయలు తన సొంత మేనమామ అయినట్టు చెబుతాడతను.

నవ్వకండి గానీ, చూపించే వాటిలో ఒక్కదాని లోపలికీ అతను అడుగు పెట్టి ఎరగడు. పగ్గం విడిచి పోతే గుర్రం ఎవరి మాటా వినదు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి టీ తాగడానికి దిగితే, మోటారు కూతకు గుర్రం బెదిరి ఉల్లిగడ్డల రాశుల మీదుగా బండిని ఈడ్చుకుపోయింది. పగ్గం విడిచినవాడు బండివాడే కాదని తండ్రి ఆనాడు నలుగురిలో తిట్టాడు. ఆ తిట్టు ఉరుకుందుకు వేదమైంది. సమాధుల గుంబజు లోపల చల్లగా ఉంటుందనీ, బురుజు పైకి పోయేకొద్దీ మెట్లు ఇరుకవుతాయనీ అతనికి చెప్పింది ఎక్కి దిగినవాళ్ళే. ఒకరి దగ్గర విన్నది ఇంకొకరికి చెప్పి ఇంత పండితుడయ్యాడు.

అతను సొంతంగా చేర్చిన ముక్క ఒకటే. బురుజు ఎక్కబోయేవాళ్ళతో, పైకి పోయినాక బండిమెట్ట దిక్కు చూడమనీ, మిద్దెల నడుమ ఒక నీలం తలుపు కనపడుతుందనీ, అది తన ఇల్లేననీ చెప్పేవాడు. తన మిద్దె మీది నుంచి చూస్తే బురుజు కొస కనిపిస్తుంది కాబట్టి, బురుజు మీది నుంచి చూస్తే తన తలుపూ కనిపించాలన్నది అతని లెక్క. ఆ ధీమాతోనే పెండ్లాం మహాదేవమ్మ చేత ఏటా ఉగాదికి తలుపుకు నీలం రంగు వేయిస్తాడు. ఏడేళ్ళ కిందట పుట్టింటి చుట్టాలు వస్తే వాళ్ళతో ఆమె కూడా బురుజు ఎక్కింది. దిగిరాగానే, కనపడిందా అని ఆత్రంగా అడిగాడు. కనపడతాండాది అంది మహాదేవమ్మ. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆనాటి నుంచీ దిగివచ్చే ప్రతి మనిషీ, నీలం కనపడిందయ్యా అని చెప్పి పోయేవాడు. బతుకులో ఉరుకుందు సంపాదించుకున్న పేరు అదొక్కటే. రాయలు కట్టిన కోట మీది నుంచి చూస్తే తన ఇల్లు కనపడుతుంది.

ఆ రోజు బండి కట్టించుకున్నది పెంచలయ్య, నాగరత్నమ్మ దంపతులు. రాజంపేట పక్కవాళ్ళు. పెంచలయ్యది డేరా ఆఫీసులో అసలు కాగితాన్నీ నకలునూ పక్కపక్కన పెట్టుకొని తప్పులు పట్టే ఉద్యోగం. అచ్చం ఆ ఉద్యోగానికే పుట్టిన మనిషి. గురువారం నుంచి రాజధాని హైదరాబాదు. రేపే వీళ్ళ ప్రయాణం. మూడేళ్ళున్నా ఊరు చూడలేదని భార్య సాధిస్తే, సాధింపు తప్పించుకోవడానికి బయలుదేరాడు.

"కొంచెం ముందుకు జరుగు సామీ, నవాబుకు ఎనక బరువైతే కోపం" అన్నాడు ఉరుకుందు. పెంచలయ్య కళ్ళద్దాలు సర్దుకొని ముందుకు జరిగాడు. తుంగభద్ర గట్టున ఎర్రబురుజు చూశారు. హంద్రి ఒడ్డున గుంబజు చూశారు. ఉరుకుందు గేటు బయట నుంచే లోపలి సమాధుల వరసంతా చెప్పాడు. పెంచలయ్య లోపలికి పోయి లెక్క సరిచూసుకొని వచ్చి, ఒకటి తక్కువ చెప్పినావే అన్నాడు. నాగరత్నమ్మ మొగుడి మోచేతి మీద గిచ్చింది. దోవలో వేరుశనక్కాయలు కొనుక్కొని ముగ్గురూ ఒలుచుకుని తిన్నారు, నవాబుకూ నాలుగు పెట్టారు. కొండారెడ్డిని బురుజులో బంధించిన కథా, గద్వాల దాకా పోయే సొరంగం కథా విని ఆమె చిన్నపిల్లలాగా చప్పట్లు కొట్టింది. సొరంగం నదిని ఎట్లా దాటిందని పెంచలయ్య అడిగాడు. కింద నుంచి సామీ, అన్నాడు ఉరుకుందు.

పదకొండు గంటలకు బురుజు దగ్గరికి వచ్చారు. తలుపు సంగతి చెప్పి ఉరుకుందు వాళ్ళను పైకి పంపాడు. పగ్గం పట్టుకొని కింద నిలబడ్డాడు. వాళ్ళు దిగివచ్చాక, ఇన్నేళ్ళుగా అడిగే ప్రశ్నే అడిగాడు.

"తలుపు లేదబ్బా" అన్నాడు పెంచలయ్య. "శానాసేపు చూసినా. ఎదురింటి గోడ అడ్డం ఉండాది. మిద్దె మీద ఎవరో నీలం కోక పరిచినారు. నాలుగు మూలలా నాలుగు రాళ్ళు. అంతే."

నాగరత్నమ్మ మళ్ళీ గిచ్చింది, ఈసారి గట్టిగా. కానీ అనేసిన మాట అనేసినట్టే. ఉరుకుందు ముఖం వాడిపోయింది. ఇన్నేళ్ళలో ఎందరికి చెప్పాడు! వాళ్ళంతా ముసలోడి మీద జాలిపడి అబద్ధమాడారా? మహాదేవమ్మ మాట? పెండ్లయిన నాటి నుంచి ఆమె అబద్ధమాడగా అతను వినలేదు. అతనికి సిగ్గేసింది, కోపం వచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. నవాబు మెడ మీద చెయ్యి వేశాడు.

"పోయి నువ్వే చూసిరా పెద్దాయనా" అంది నాగరత్నమ్మ, పగ్గానికి చెయ్యి చాపి. "మా నాయన గుర్రమెక్కి సేన్లకు పోతాండె. నాకు పట్టుకోవడం తెల్సు."

ఉరుకుందు ఆమె చేతిని చూశాడు. పగ్గాన్ని బిగువుగా, గుర్రం నోరు నొప్పి పుట్టనంత మెత్తగా పట్టుకుంది. బండివాడి కన్ను కాబట్టి అది చాలు. తండ్రి తిట్టిన నాటి నుంచి మొదటిసారి పగ్గం విడిచి, కుడిపక్కకు ఒరుగుతూ మెట్లెక్కాడు. పైకి పోయేకొద్దీ మెట్లు నిజంగానే ఇరుకయ్యాయి. తాను ఇన్నాళ్ళూ చెప్పింది నిజమేనని అంత దుఃఖంలోనూ అతనికి సంతోషమైంది.

పైన గాలి. ఉత్తరాన తుంగభద్ర, తూర్పున హంద్రి, మధ్యలో విప్పుతున్న డేరాలు. బండిమెట్ట వెతుక్కున్నాడు. కుమ్మరి ఆవం పొగ పక్కన తన మిద్దె. తలుపు లేదు, ఎదురింటి గోడే ఉంది. మిద్దె మీద ఎండలో నీలం కోక పరిచి ఉంది. ఆ కోక అతనికి తెలుసు. మంత్రాలయం తిరునాళ్ళలో తానే కొని తెచ్చినది. కట్టుకోవే అంటే, ఆదివారం ఆరేసుకోవాలని చెప్పి ఏళ్ళ తరబడి తప్పించుకుంటున్న కోక. దాని పక్కన పాత గొడుగు కింద ఒక మనిషి, బురుజు దిక్కే ముఖం పెట్టుకొని కూర్చుంది.

ఏడేళ్ళ కిందట ఈ రాళ్ళ మీదే నిలబడి ఆమె చూసిందన్నమాట. తలుపు లేదని చూసి, కిందికి దిగి, ఉందని చెప్పింది. చెప్పిన మాట అబద్ధం కాకూడదని ఆనాటి నుంచి ప్రతి ఆదివారం ఈ ఎండలో కాపలా కూర్చుంటోంది. ఇంత పిచ్చిది ఎక్కడైనా ఉంటుందా! ఉరుకుందుకు నవ్వొచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగానే నవ్వాడు. తలకున్న ఎర్రగుడ్డ విప్పి గాలిలో ఊపాడు. అక్కడ మనిషి లేచి నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకొని చాలాసేపు చూసింది.

దిగివచ్చి పగ్గం అందుకున్నాడు.

"చూస్తివా?" అన్నాడు పెంచలయ్య.

"చూసినా సామీ. తలుపే అది."

పెంచలయ్య నోరు తెరిచాడు. భార్య గిచ్చకముందే మూసుకున్నాడు. కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకొని, "కావొచ్చులే, నా అద్దాలు పాతవైనాయి" అన్నాడు. ఉద్యోగంలో చేరాక ఆయన వదిలేసిన తప్పు ఇదొక్కటే అయి ఉంటుంది.

సాయంత్రం ఇంటికి వస్తే మహాదేవమ్మ జొన్నరొట్టె తడుతోంది. కోక మడిచి దండెం మీద ఉంది. పెనం మీది నుంచి తల ఎత్తకుండా ఎప్పటిలాగే అడిగింది.

"కనపడిందంటనా?"

"శానా బాగా కనపడిందంట."

రొట్టె తిరగేసింది. "ఎవరో ఎర్రగుడ్డ ఊపినారు ఆడ" అంది మెల్లగా.

"ఊరు సూసేకి వచ్చినోళ్ళు, ఊపుతారు" అన్నాడు ఉరుకుందు. రెండో రొట్టెకు ఆమె నెయ్యి కాస్త ఎక్కువే వేసింది.

మరునాడు పెంచలయ్య దంపతులు లారీలో సామాన్ల మీద కూర్చొని వెళ్ళిపోయారు. గురువారానికి రాజధానీ వెళ్ళిపోయింది. డేరాలు ఎత్తేసిన చోట మేకుల గుంతలు మిగిలాయి. ఆదివారం వచ్చింది. ఉరుకుందు రెండు వేళ్ళు దూర్చి చూసుకొని, దుప్పటి పరిచి బండి కట్టాడు. ఇంక ఎవరొస్తారయ్యా అంది మహాదేవమ్మ. ఒకరుండారులే, బురుజు ఎక్కేది, అన్నాడు అతను, ఎర్రగుడ్డ బిగించి చుట్టుకుంటూ.

బురుజు కాడ ఒక్క బేరమూ లేదు. తమలపాకుల అంగడి చిన్న ఈరన్నను పిలిచి పగ్గం చేతిలో పెట్టి, గట్టిగా లాగొద్దని చెప్పి ఉరుకుందు మెట్ల వైపు నడిచాడు. అవతల బండిమెట్టలో, చూసేవాళ్ళంతా వెళ్ళిపోయిన ఊళ్ళో, మిద్దె మీద నాలుగు రాళ్ళ నడుమ నీలం కోక పరిచి ఉంది.