పేరుండాల్సిన చోట ప్రశ్నగుర్తులు

"నీ పేరు తీసెయ్, పనైతది. గదే అడ్డం పడ్డది," అన్నాడు శాంతిరాజ్ భార్యతో, అందరి ముందూ.

అందరూ అంటే గోదావరిఖని బడి ఆఫీసు గదిలో ఉన్న హెడ్మాస్టర్ సదయ్య సారూ, ఇద్దరు టీచరమ్మలూ. పకపకా నవ్వారు. గ్లోరియా కూడా నవ్వింది. వాళ్లు నవ్వినందుకు కాదు, తనూ కలిసి నవ్వినందుకు సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. ఛీ, ఇదేం బుద్ధి తనకు!

ఆరేళ్లుగా ఆమె ఆ బడిలో గుమాస్తా. తెల్లారకముందే లేచి భర్త ఫస్టు షిఫ్టుకు టిఫిన్ కట్టి, అత్త యేసమ్మకు బీపీ గోళీ ఇచ్చి, ఆ పైన వచ్చి వందల మంది పిల్లల మార్కులు కంప్యూటరులోకి ఎక్కిస్తుంది. కొత్తగా ప్రోగ్రెస్ కార్డుల మాడ్యూల్ అని ఒక సీడీ వచ్చింది. రేపే తల్లిదండ్రులకు కార్డులివ్వాలి. మూడు రోజులుగా ఎన్నిసార్లు ఎక్కించబోయినా అది సగంలో ఆగి ఎర్రటి వరుస చూపిస్తోంది. ఆ వరుసలో ఫోల్డర్ల పేర్లన్నీ చక్కగా ఉన్నాయి, ఆమె పేరుండాల్సిన చోట మాత్రం వరసగా ప్రశ్నగుర్తులు. ఆ మాడ్యూలుకు ఇంగ్లిషు అక్షరాలు తప్ప తెలియవు మరి. కంప్యూటర్ వచ్చిన రోజు యూజర్ పేరు అడిగితే, ముచ్చటపడి తెలుగులో 'గ్లోరియా' అని కొట్టుకున్నది తనే; ఆ పేరుతోనే ఫోల్డరూ తయారైంది. గని వాళ్లిచ్చిన క్వార్టర్ భర్త పేరు మీదే, గ్యాసూ ఆయన పేరు మీదే. తన పేరుతో తెరుచుకునేది లోకం మొత్తం మీద ఇదొక్కటే.

సీడీతో వచ్చిన సూచనల పుస్తకం చదివి, చివరి పేజీలో మందు కూడా దొరికించుకుంది. చెప్పబోతే సదయ్య సార్ వినలేదు. "నీకెందుకమ్మా, మీ ఆయనను పిలువు. మగమనిషి జూస్తే జల్దైతది" అన్నాడు. ఫోన్ చేసి పిలిస్తే షిఫ్టు దిగి వచ్చాడు. శాంతిరాజ్ గనిలో క్లర్కే గానీ, జీతం స్లిప్పు చూసుకోవడం మించి కంప్యూటర్ ఎరగడు. అయినా కుర్చీ ఆయనకు పడింది, చాయ్ ఆమె తెచ్చింది. "పేరు తెలుగుల ఉన్నది బావా, గందుకే" అని ఆమె చెవిలో చెబితే, ఆ మాటే ఆయన గట్టిగా అందరికీ చెప్పాడు.

ఇలా నవ్వడం ఆమెకు కొత్త కాదు. పదకొండేళ్ల కింద నాన్న అంద్రెయ జబ్బుపడి గనిలో అన్‌ఫిట్ అయినప్పుడు, ఆయన బదులు ఇంట్లో ఒకరికిచ్చే ఉద్యోగం ఎవరి పేరున రాయాలని కూర్చున్నారు. ఇంటర్ పాసై టైపు నేర్చింది ఆమె. "ఆడపిల్ల పేరెందుకు తమ్మీ? అల్లుని పేరు రాయి. ఇంట్ల ఎవరికొస్తే ఏంది?" అంది యేసమ్మ. నాన్న కూతురి వంక చూశాడు, ఒక్క మాట అంటుందేమోనని. గ్లోరియా నవ్వేసి చాయ్ గ్లాసులు ఎత్తుకుని లోపలికి పోయింది. ఆ నవ్వు చూసే నాన్న అల్లుని పేరు రాసి సంతకం పెట్టాడు. అది తల్చుకుంటే ఇప్పటికీ ఆమెకు తల ఎత్తబుద్ధి కాదు.

శాంతిరాజ్ మౌస్ మీద చెయ్యి వేశాడు. "తీసేస్తున్న మరి."

"లెవ్వు, బావా."

"ఏంది?"

"కుర్చీల నుంచి లెవ్వు."

ఆయన లేచాడు. ఆమె కూర్చుంది. మాడ్యూల్ సెట్టింగుల ఫైలు తెరిచింది. ఏ అక్షరాలు చదవాలో చెప్పే వరుస ఒక్కటే ఉంది అందులో. దాన్ని అన్ని భాషలూ చదివేలా మార్చి, మళ్లీ మొదలుపెట్టింది. ఎంత ఎక్కిందో చూపే గీత నెమ్మదిగా జరిగింది. రోజూ ఆగే చోటికొచ్చి కాసేపు నిలిచింది. తర్వాత దాటిపోయింది. ప్రశ్నగుర్తులున్న చోట 'గ్లోరియా' అని వచ్చింది.

"శభాష్ శాంతిరాజ్!" అన్నాడు సదయ్య సార్.

"గదెంత పని సార్," అన్నాడు శాంతిరాజ్.

ఇద్దరూ ఆమె వైపు చూశారు, ఎప్పటిలా నవ్వుతుందని.

"చేసింది నేను సార్. పేరు తియ్యలే," అంది గ్లోరియా, నవ్వకుండా.